పంపు నడుస్తున్నంతసేపు ఊపిరితిత్తుల సంగతేమిటి?

గుండె ఆపరేషన్‌లో ఒక ఘట్టం ఉంటుంది. హార్ట్-లంగ్ మెషీన్ పూర్తి వేగం అందుకోగానే దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు "ఫుల్ ఫ్లో" అంటాడు. సర్జన్ తల ఎత్తకుండానే "లంగ్స్ ఆపండి" అంటాడు. మత్తు డాక్టరు వెంటిలేటర్ ఆపేస్తారు. అప్పటిదాకా లయగా లేచి పడుతున్న ఊపిరితిత్తులు ముడుచుకుని రెండు పక్కలా అణిగిపోతాయి. గంటో, రెండు గంటలో, కష్టమైన కేసయితే అంతకు మించో అవి అలాగే ఉంటాయి. రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే పని యంత్రం చూసుకుంటుంది కాబట్టి వాటిని ఊరికే వదిలేయవచ్చా, లేక కాస్తో కూస్తో గాలి ఆడిస్తూ ఉండాలా అన్నది కార్డియాక్ థియేటర్లలో ఏళ్ల తరబడి తెగని తగవు.

కింద మాట్లాడేవాళ్లిద్దరినీ నేనే కల్పించాను. వాళ్ల వాదన మాత్రం హైదరాబాదులోనో గుంటూరులోనో ఏ థియేటర్ పక్కనున్న టీ గదిలోనైనా వినబడేదే. సర్జన్ పెద్దాయన. మత్తు డాక్టరు ఆయన కంటే పదిహేనేళ్లు చిన్న. అప్పుడే ఒక బైపాస్ కేసు ముగించుకుని వచ్చారు.

సర్జన్: లంగ్స్ ఆపమన్నాను కదా మేడం. ఎడమ ఊపిరితిత్తి వచ్చి నా చేతుల కింద కూర్చుంది.

మత్తు డాక్టరు: ఆపాను సార్. ఊపడం ఆపేశాను. నీటిమట్టం లెక్కలో ఐదు సెంటీమీటర్ల ఒత్తిడి మాత్రం ఉంచాను, పూర్తిగా కుంగిపోకుండా.

సర్జన్: ఆ ఐదు మీకు వెంటిలేటర్ తెర మీద ఒక అంకె. నేను గుండెను పైకెత్తి, దాని వెనక గోడ మీదున్న ధమనికి గ్రాఫ్ట్ కుడుతున్నాను. ధమని మిల్లీమీటరున్నర ఉంటుంది. దారం వెంట్రుకంత. కళ్లకు భూతద్దాల లూప్స్ పెట్టుకుంటే కనబడేది అరచేయంత మేర. అందులోకి గులాబీ రంగు స్పాంజిలాగా మీ ఊపిరితిత్తి దూరితే అసిస్టెంటు ఒక చేత్తో దాన్ని వెనక్కి తొయ్యాలి. ఆ చెయ్యి నాకు వేరే పనికి కావాలి.

మత్తు డాక్టరు: నిజమే, కాదనను. అయితే మీకు అడ్డొచ్చింది పది నిమిషాలు. పంపు మీద ఉన్నది గంటా యాభై నిమిషాలు. ఆ పది నిమిషాలు ట్యూబు విప్పేయమంటే విప్పేస్తాను. మిగతా గంటా నలభై నిమిషాలు ఎందుకు ఆపాలో చెప్పండి.

సర్జన్: ఎందుకు నడపాలో మీరు చెప్పాలి. ఊపిరితిత్తి పనేమిటి? రక్తంలోకి ఆక్సిజన్ ఎక్కించడం, బొగ్గుపులుసు వాయువు తీసెయ్యడం. పంపు మీదికి వెళ్లాక కుడి కర్ణికలోకి వచ్చే రక్తమంతా గొట్టంలోంచి మెషీన్‌కి పోతోంది. ఆక్సిజనేటర్‌లో శుద్ధి అయి బృహద్ధమనిలోకి వెనక్కి వస్తోంది. ఊపిరితిత్తుల ధమనిలో ప్రవాహం లేదు. రక్తమే రాని చోటికి గాలి పంపి ఏం లాభం?

మత్తు డాక్టరు: గ్యాస్ మార్పిడికి లాభం లేదు, ఒప్పుకుంటాను. నేను మాట్లాడేది ఊపిరితిత్తి సొంత ప్రాణం గురించి. అది కూడా కణజాలమే కదా సార్. గుండె మీద క్లాంప్ పెట్టినప్పుడు మీరెంత హడావుడి పడతారు! గుండెను ఆపి కాపాడే చల్లటి కార్డియోప్లీజియా ద్రవం పోస్తారు, ఇరవై నిమిషాలకోసారి మళ్లీ పోస్తారు, చుట్టూ ఐసు వేస్తారు. మెదడు కోసం పెర్ఫ్యూజన్ ఒత్తిడి చూస్తారు. మూత్రపిండాల కోసం మూత్రం సంచీ చూస్తారు. ఊపిరితిత్తులకు మాత్రం పెద్ద ధమని ప్రవాహం ఆగిపోయి, బ్రాంకియల్ ధమనుల్లో వచ్చే కొద్దిపాటి రక్తమే దిక్కవుతుంది. మామూలుగా గుండె పంపే రక్తంలో ఆ ధమనుల వాటా నూటికి ఒకటో రెండో పాళ్లు. దానికి తోడు గాలి కూడా ఆపేస్తాం. గాలితిత్తులు తమలో ఉన్న గాలి నుంచే నేరుగా కొంత ఆక్సిజన్ తీసుకోగలవు. ఆ దారి కూడా మూసేస్తున్నాం.

సర్జన్: అలా మూసే మొదటి నుంచీ చేస్తున్నాం. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తొలిసారి హార్ట్-లంగ్ మెషీన్ మీద ఆపరేషన్ చేసి రోగిని బతికించాడు. ఆ పద్దెనిమిదేళ్ల అమ్మాయి గుండె గోడలోని రంధ్రం మూసినంతసేపు, ఇరవై ఆరు నిమిషాలు, గుండె పనీ ఊపిరితిత్తుల పనీ యంత్రమే చేసింది. ఊపిరితిత్తులకు సెలవిచ్చే తెలివి తట్టాకే ఈ విద్య పుట్టింది.

మత్తు డాక్టరు: ఆ తెలివి ఒక్కటే లేదు సార్ అప్పట్లో. మిన్నెసోటాలో లిల్లెహై 1954లో పిల్లలకు ఆపరేషన్ చేస్తూ పక్క బల్ల మీద తండ్రినో తల్లినో పడుకోబెట్టి, వాళ్ల గుండెతో, ఊపిరితిత్తులతో బిడ్డను బతికించాడు. టొరంటోలో మస్టర్డ్ కోతి ఊపిరితిత్తులతో ప్రయత్నించాడు. లండన్‌లో చార్లెస్ డ్రూ సంగతి మీకు తెలియంది కాదు. 1959లో ఆక్సిజనేటరే వద్దన్నాడు. గుండె కుడి పక్కకొక పంపు, ఎడమ పక్కకొక పంపు పెట్టి, రోగి ఊపిరితిత్తుల్నే వాడుకుంటూ ఒళ్లంతా బాగా చల్లబరిచాక రక్తప్రసరణ ఆపి ఆపరేషన్ చేశాడు.

సర్జన్: ఎందుకు నిలవలేదో కూడా చెప్పండి మరి. నాలుగు చోట్ల గొట్టాలు పెట్టాలి. మంచి ఆక్సిజనేటర్లు వచ్చాక అంత అవస్థ ఎవరు పడతారు? చరిత్ర మీకు సాక్ష్యం చెప్పదమ్మా. దారులన్నీ నడిచి చూసి, సులువైనది పట్టుకుంది.

మత్తు డాక్టరు: మీకు సులువైనది. ఊపిరితిత్తికి కాదు.

సర్జన్: ఊపిరితిత్తి మీ దగ్గరికొచ్చి ఫిర్యాదు చేసిందా?

మత్తు డాక్టరు: రోజూ చేస్తుంది. మర్నాడు పొద్దున ఐసీయూలో తీసే ఎక్స్‌రేలో. ఎడమ పక్క కింది భాగం తెల్లగా ఉంటుంది. మనవాళ్లు "కొద్దిగా కొలాప్స్ ఉంది, ఫిజియో చేయించండి" అని రాసి తరవాతి మంచం దగ్గరికి వెళ్లిపోతారు. అంతగా అలవాటైపోయింది.

సర్జన్: ఆ తెలుపంతా వెంటిలేటర్ ఆపినందుకే వచ్చిందంటారా? మత్తు ఇచ్చిన క్షణంలోనే డయాఫ్రం పైకి జరిగి కింది భాగాలు నలుగుతాయి, అది మీ మందు పుణ్యం. ఛాతీ లోపలి ధమనిని గ్రాఫ్ట్ కోసం విడదీసేటప్పుడు ఎడమ ఊపిరితిత్తి చుట్టూ ఉండే ప్లూరా పొర తెరుచుకుంటుంది, అది నా పుణ్యం. ఐసు తగిలి డయాఫ్రంను ఆడించే ఫ్రెనిక్ నరం మొద్దుబారవచ్చు. రొమ్ము ఎముక కోసిన నొప్పికి రోగి గట్టిగా దగ్గడు, తెమడ బయటికి రాదు. ఇన్ని కారణాల్లో మీరు ఒకదాన్ని బోనెక్కించారు.

మత్తు డాక్టరు: ఇంకొకటి మరిచిపోయారు. రక్తం గంటల తరబడి ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగినందుకు ఒళ్లంతా వాపు మొదలవుతుంది. రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ వ్యవస్థ రగులుతుంది, తెల్లకణాలు రెచ్చిపోతాయి. క్లాంప్ తీసి ఊపిరితిత్తులకు రక్తం మళ్లీ వదలగానే ఆ తెల్లకణాలన్నీ ముందు చిక్కుకునేది వాటి సన్నటి నాళాల్లోనే. పాతకాలంలో పంప్ లంగ్ అని భయపడింది దాన్ని చూసే. కారణాలు చాలా ఉన్నాయని ఒప్పుకుంటున్నాను. వాటిలో మన చేతిలో ఉన్నవెన్ని? పంపు లేకుండా అందరికీ చేయలేం. కొయ్యకుండా చేయలేం. వెంటిలేటర్ మీట నా చేతి కిందే ఉంది.

సర్జన్: పంపు లేకుండా చేయలేమా? బైపాస్ కేసుల్లో మన దేశంలో చాలా భాగం కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తున్నాం. అప్పుడు వెంటిలేటర్ ఒక్క నిమిషం ఆగదు. మర్నాటి ఎక్స్‌రేలో ఆ తెలుపు అప్పుడూ ఉంటుంది.

మత్తు డాక్టరు: ఉంటుంది. కానీ తక్కువ. కరొనరీ ట్రయల్ గుర్తుందా, మన ఆసుపత్రులు కూడా పాల్గొన్నది? 2012లో వచ్చింది, 4,752 మంది. మరణాల్లో, గుండెపోటులో తేడా తేలలేదు. శ్వాస ఇబ్బందులు మాత్రం పంపు మీద 7.5 శాతం, పంపు లేకుండా 5.9 శాతం.

సర్జన్: భలే తెచ్చారు. అది పంపు నేరమా, వెంటిలేటర్ ఆపిన నేరమా? రెండూ కలిసే ఉన్నాయి అక్కడ. మీ వాదనకు కావలసింది పంపు అందరికీ పెట్టి, సగం మందికి గాలి ఆడించి, సగం మందికి ఆపి చూసిన పరీక్ష. అదీ జరిగింది. ఫ్రాన్సులో మెకానో అని, 1,501 మంది మీద. ఫలితం మీరే చెప్పండి.

(ఇక్కడ ఆవిడ టీ కప్పు కింద పెడుతుంది. కల్పిత పాత్రకు కూడా ఇబ్బందికరమైన ప్రశ్నే ఇది.)

మత్తు డాక్టరు: చిన్న చిన్న ఊపిర్లు ఇచ్చారు. కిలోకి మూడు మిల్లీలీటర్లు, నిమిషానికి ఐదుసార్లు. మరణం, శ్వాస వైఫల్యం, వెంటిలేటర్ ఎక్కువ రోజులు కావలసి రావడం, మళ్లీ ట్యూబు వేయాల్సి రావడం, అన్నీ కలిపి లెక్కేశారు. ఊపిరి ఇచ్చినవాళ్లలో 14.8 శాతం, ఆపేసినవాళ్లలో 17.9 శాతం. గణాంకాల లెక్కలో తేడా నిలబడలేదు.

సర్జన్: అంటే తేడా లేదు.

మత్తు డాక్టరు: తేడా రుజువు కాలేదు. అది వేరు, ఇది వేరు.

సర్జన్: ఇదిగో, మీ అనస్థీషియా వాళ్ల తర్కమంతా ఇక్కడే ఉంటుంది. ఫలితం మీ వైపు వాలితే సూచన, అటు వాలితే యాదృచ్ఛికం! అదే ఆపేసినవాళ్లు 14.8 అయి, ఊపిన వాళ్లు 17.9 అయ్యుంటే "సార్, తేడా రుజువు కాలేదు, నడుపుకోనివ్వండి" అనేవారు కాదూ?

మత్తు డాక్టరు: అనేదాన్నేమో. అయినా ఒక్క సంగతి చూడండి. ఆ పరీక్షలో ఊపినందువల్ల నష్టం కనబడలేదు. ఖర్చు లేదు, మందు లేదు. లాభం రుజువయ్యేదాకా ఆగుదాం అని కొత్త ఖరీదైన పరికరం గురించి అంటే అర్థముంది. ఉన్న వెంటిలేటర్‌ను ఆపకుండా ఉంచడానికి కూడా అంత రుజువు కావాలా? అసలు ఆపడానికి రుజువు ఎవరు తెచ్చారు?

సర్జన్: ఖర్చు లేదంటే ఎలా? నా కుట్టు ఒకటి తప్పితే ఎవరి ఖాతాలో రాస్తారు? ఆ ఖర్చు ఏ పరీక్షలోనూ లెక్కకు రాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడుతున్నానని మీరనుకోవచ్చు. కానీ కదలని చోట కుట్టిన కుట్టుకూ కదిలే చోట కుట్టిన కుట్టుకూ తేడా నా వేళ్లకు తెలుసు. ఇంకోటి. 2019లో ప్రోవెక్స్ అని ఇంకో ఫ్రెంచి పరీక్ష. అందులో మీరడిగేవన్నీ చేశారు. ఎక్కువ పీప్, అంటే ఊపిరితిత్తులు కుంగకుండా లోపల ఉంచే ఆ ఒత్తిడి, మధ్య మధ్య ఊపిరితిత్తులు తెరవడం, పంపు మీద కూడా ఊపడం. అయినా ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గాయని తేల్చలేకపోయారు.

మత్తు డాక్టరు: అందులో రెండు గుంపుల్లోనూ సగానికి పైగా మందికి ఏదో ఒక ఊపిరితిత్తుల ఇబ్బంది వచ్చింది. ఆ సంగతి మిమ్మల్ని కుదపదా?

సర్జన్: కుదుపుతుంది. అందుకే, మీరు పట్టుకున్న కొమ్మ చిన్నది అంటున్నాను.

ఇక్కడిదాకా నా మొగ్గు ఆయన వైపే. పెద్ద పరీక్షలు రెండు జరిగి రెండింటిలోనూ తేడా తేలనప్పుడు "నష్టం లేదు కదా" అన్న ఒక్క మాట మీద అలవాటు మార్చమనడం బలహీనమైన వాదన. నష్టం లేదు కదా అంటూ వైద్యంలోకి చొరబడి కూర్చున్నవి చాలానే ఉన్నాయి. అయితే ఆవిడ దగ్గర ఇంకో మాట మిగిలి ఉంది.

మత్తు డాక్టరు: కొమ్మ చిన్నదే కావచ్చు. పంపు ముందు, పంపు తర్వాత ఏం చేస్తున్నామో చూద్దాం రండి. మొన్న ఒకావిడకు మైట్రల్ వాల్వు మార్చారు. ఎత్తు అయిదడుగులు, అంటే 152 సెంటీమీటర్లు. బరువు 75 కిలోలు. వెంటిలేటర్‌లో టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో ఊపిరికి పంపే గాలి, 600 మిల్లీలీటర్లు పెట్టి ఉంది. ఎవరో బరువును ఎనిమిదితో హెచ్చవేశారు. ఊపిరితిత్తులు ఒంటి కొవ్వుతో పెరగవు సార్, ఎత్తును బట్టి ఉంటాయి. ఆ ఎత్తు ఆడమనిషికి లెక్కగట్టే బరువు 45.5 కిలోలు. ఎనిమిదితో హెచ్చవేస్తే 364. ఆ చిన్న ఊపిరితిత్తుల్లోకి ఒక్కో ఊపిరికి ఒకటిన్నర రెట్లకు మించి తోస్తున్నాం, గంటల తరబడి. అందులోనూ సగం భాగం కుంగిపోయి ఉంటే ఆ గాలంతా తెరిచి ఉన్న సగంలోకే పోతుంది.

సర్జన్: 2000లో అమెరికాలో ఏఆర్‌డీఎస్ అనే తీవ్ర శ్వాస వైఫల్యం మీద పరీక్ష చేసినవాళ్లు చూపించింది అదే కదా. కిలోకి పన్నెండు మిల్లీలీటర్ల బదులు ఆరు ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31కి తగ్గాయి. కానీ అవి అప్పటికే పాడైన ఊపిరితిత్తులు.

మత్తు డాక్టరు: పంపు దిగిన ఊపిరితిత్తులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయా? పైగా మన వాల్వు రోగుల్ని చూడండి. చిన్నప్పటి కీళ్లజ్వరం మైట్రల్ వాల్వును పాడుచేసి, ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో రక్తం నిలవ ఉండి, నీరు పట్టి, వాటి ధమనుల్లో ఒత్తిడి పెరిగి మన దగ్గరికి వస్తారు. కట్టెల పొయ్యి పొగ కొందరికి, బీడీ కొందరికి. ఆ ఊపిరితిత్తిని రెండు గంటలు కుంగబెట్టి, పంపు దిగేటప్పుడు ఒక్కసారిగా తెరవమంటారు. కొత్త బూరను మొదటిసారి ఊదేటప్పుడు బుగ్గలు నొప్పెడతాయి చూడండి, కాస్త గాలి ఉన్నదాన్ని ఊదడం అంత కష్టముండదు. అదే తంటా. నలభై సెంటీమీటర్ల ఒత్తిడి పెట్టి పది పదిహేను సెకన్లు పట్టి ఉంచితేగానీ తెరుచుకోవు. అప్పుడే బీపీ పడిపోతుంది, అప్పుడే మీరు "చాలు చాలు" అంటారు.

సర్జన్: అనకేం చేస్తాను? అప్పటికి నా మామరీ గ్రాఫ్ట్, అదే ఆ ఛాతీ లోపలి ధమని, ఊపిరితిత్తి పక్కనుంచి గుండె మీదికి వచ్చి ఉంటుంది. మీరు గుడ్డిగా ఊదితే ఎడమ ఊపిరితిత్తి ఉబ్బి దాన్ని లాగేస్తుంది. ఊడిందంటే మళ్లీ మొదటికి. చూస్తూ ఊదండి, నాకు అభ్యంతరం లేదు. గుండె ఎడమ గదిలో గాలి బుడగలు మిగలకుండా తీసేటప్పుడు "లంగ్స్ ఊదండి" అని నేనే అడుగుతాను కదా!

మత్తు డాక్టరు: అడుగుతారు, మీకు కావలసినప్పుడు. మీకు కనబడే గ్రాఫ్ట్ నా మానిటర్ మీద కనబడదు. కర్టెన్ మీదుగా తల పెట్టి చూస్తూ నెమ్మదిగా, చేత్తో బ్యాగు నొక్కుతూ తెరవాలి. ఇరవైతో మొదలుపెట్టి, ముప్పైకి వెళ్లి, నల్లబారి మాంసంలా ఉన్న కింది భాగం మళ్లీ గులాబీ రంగులోకి వచ్చేదాకా. దానికి రెండు నిమిషాలు కావాలి. మీరు అర నిమిషం ఇస్తారు.

సర్జన్: అడిగితే ఇస్తాను. ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ. సరే, నేనొకటి అడుగుతాను. నెదర్లాండ్స్‌లో 2006లో చేసిన పని చూశారా? బైపాస్‌కి ముందు కనీసం రెండు వారాలు, రోజుకు ఇరవై నిమిషాలు, శ్వాస కండరాలకు కసరత్తు చేయించారు. రిస్కు ఎక్కువున్న రోగులకే. ఊపిరితిత్తుల ఇబ్బందులు 35 శాతం నుంచి 18కి దిగాయి. సగానికి సగం! మీ గంటన్నర వెంటిలేటర్ కథ ఏ పరీక్షలోనూ దీని దరిదాపుల్లోకి రాలేదు. మరి దాని గురించి మీరెందుకు పోట్లాడరు?

మత్తు డాక్టరు: రెండు వారాల ముందు రోగిని నాకు చూపిస్తే కదా సార్! ముందురోజు సాయంత్రం ఆరింటికి వార్డులో చూస్తాను. అప్పటికి అన్నీ రాసేసి ఉంటాయి. మూడు బంతుల స్పైరోమీటరు అట్టపెట్టెలోంచి తీయకుండా మంచం పక్కన బల్ల మీద ఉంటుంది. ఎలా పీల్చాలో ఆపరేషన్ అయ్యాక, నొప్పిలో, మొదటిసారి నేర్పుతాం. ఒక బంతి లేస్తే గొప్ప. ఊరి నుంచి వచ్చినవాళ్లు ఊదాలనుకుని బలంగా ఊదుతారు, ఒక్క బంతీ కదలదు. పీల్చాలని చెప్పడానికే ఒక పూట పోతుంది.

సర్జన్: ఆరోగ్యశ్రీ అప్రూవల్ వచ్చేదాకా వాళ్లు ఇంట్లో ఉండేది ఆ రోజులే కదా. ఓపీలో నేను చూసిన రోజే చేతికిచ్చి పంపవచ్చు.

మత్తు డాక్టరు: పంపించండి. మీరు చెబితే చేస్తారు, నేను చెబితే చెయ్యరు. అలాగని థియేటర్‌లో నా వాదన వదులుకోను. ఊపిరితిత్తి కోసం రెండు వారాలు కష్టపడదామంటున్న మీరు, మైట్రల్ వాల్వు కేసులో ఐదు సెంటీమీటర్ల ఒత్తిడికి ఎందుకు అడ్డు? అక్కడ కుట్టేది గుండె లోపల. ఊపిరితిత్తి మీ కంటికి కూడా ఆనదు.

సర్జన్: వాల్వు కేసులో ఉంచుకోండి. మామరీ కేసులో, పక్క గోడ గ్రాఫ్ట్ పూర్తయ్యేదాకా, ట్యూబు విప్పి ఉండాల్సిందే. ఇందులో బేరం లేదు. తర్వాత మీ రెండు నిమిషాలు మీకిస్తాను, నేను చూస్తుండగా. కానీ దీన్ని నేను ఒక సదుపాయంగా ఇస్తున్నాను. మీ సిద్ధాంతం నెగ్గిందని కాదు.

మత్తు డాక్టరు: సిద్ధాంతం నెగ్గలేదని నాకూ తెలుసు. ఒక్కటి చూడండి సార్, ఇది ఇవాళ్టి కేసు షీటు. పెర్ఫ్యూజనిస్టు కాగితం మీద అరగంటకోసారి రక్తం గడ్డకట్టే సమయం చూసే ఏసీటీ, బ్లడ్ గ్యాస్, ఉష్ణోగ్రత, ఫ్లో, కార్డియోప్లీజియా ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు, అన్నీ ఉన్నాయి. నా కాగితం మీద తొమ్మిదీ పదిహేను నుంచి పదకొండూ అయిదు దాకా వెంటిలేటర్ గడులన్నీ ఖాళీ. వాటి మీద అడ్డంగా ఒక గీత, గీత మీద "పంపు" అని ఒక ముక్క. ఆ గంటా యాభై నిమిషాలు ఊపిరితిత్తులు తెరిచి ఉన్నాయా, కుంగి ఉన్నాయా, ఎంత ఒత్తిడి ఉంది, పంపు దిగేటప్పుడు ఎంత పెట్టి తెరిచాం, ఎన్ని సెకన్లు? ఏదీ లేదు. ఐసీయూలో ఎక్స్‌రే తెల్లగా వస్తే వెనక్కి వెళ్లి చూడటానికి ఏమీ ఉండదు. ఫ్రాన్సు పరీక్షల గురించి ఇంతసేపు కొట్లాడుకున్నాం, మన సొంత రోగుల గురించి కొట్లాడటానికి మన దగ్గర ఒక్క అంకె లేదు.

సర్జన్: నాలుగు గడులు కలుపుకోండి మరి.

మత్తు డాక్టరు: రేపటి నుంచి కలుపుతాను. ఒత్తిడి ఎంత, ఎప్పుడు ఆపాం, ఎప్పుడు తెరిచాం.

సర్జన్: ఎవరు ఆపమన్నారో కూడా ఒక గడి పెట్టండి. నేను ఆపమంటే నా పేరు రాయండి. ఆరు నెలలయ్యాక తీసి చూద్దాం, ఎవరి ఖాతాలో ఎన్ని తెల్ల ఎక్స్‌రేలు ఉన్నాయో. పదండి, రెండో పేషెంట్‌ని లోపలికి తెచ్చినట్టున్నారు.